రెండు పెట్టెల మధ్య నా చెయ్యి

తాళం తప్పింది నా చేతిలో కాదు. నా చేతిలోనే తప్పిందని మైకులో చెప్పారు. మంటపం నిండా జనం ఉండగా, నా భుజం మీద చెయ్యి వేసి, నవ్వుతూ చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. నాకు జరిగిన అన్యాయం ఇదీ. ముందూ వెనకా తరవాత చెబుతాను గానీ, ఈ నాలుగు మాటలూ మొదట రాసి పెట్టుకోకపోతే తక్కినది రాయడానికి నాకు చెయ్యి సాగదు.

మాది హోసూరులో ఒక చిన్న ఆర్కెస్ట్రా. పెండ్లిళ్ళకూ జాతరలకూ వాయిస్తాం. పార్టీని నడిపేవాడూ, పాటలు పాడేవాడూ ఒకడే. నడివయసు మనిషి, పగలు బజారులో పూల దుకాణం చూసుకుంటాడు. పెండ్లి మంటపానికి పూల అలంకారం ఒప్పుకున్న చోట పాటకచేరీ కూడా ఒప్పించుకుని వస్తాడు. అంత మాటకారి. కీబోర్డు వాయించేది గోదావరి వైపు నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చి మత్తిగిరిలో కాపురం పెట్టిన మనిషి. మర్యాదస్థుడు, నన్ను బాబాయ్‌గారూ అంటాడు. నేను ప్యాడ్ వాయిస్తాను. ప్యాడ్ అంటే పుల్లలతో కొట్టే రబ్బరు పలక. ఒక గడిలో కొడితే డప్పు మోగుతుంది, ఇంకో గడిలో కొడితే ఘటం మోగుతుంది. నా ఎడమ పక్కన డ్రమ్ మెషిన్ ఉంటుంది. మేము దాన్ని పెట్టె అంటాం. అది ఒకే నడకలో దరువు వేస్తూ పోతుంటే, దాని మీద నేను చేతితో మెరుపులు వేస్తాను. పెట్టె నాదే. పాతది. విప్పి మళ్ళీ బిగించడం నాకొక్కడికే వచ్చు.

నేను బడిలో నేర్చింది అరవం, అదీ ఐదో తరగతి దాకా. ఇంట్లో మాట్లాడే తెలుగుకు అక్షరాలు కిరాణా పొట్లాల కాగితాల మీద నేర్చుకున్నాను. కరెంటు పని, చెడిపోయిన రేడియోలు విప్పి నేర్చుకున్నాను. తాళం మాత్రం మా అన్న దగ్గర. ఆయన సంగతి తరవాత వస్తుంది. రాకుండా ఉంటే బాగుండేది.

ఇంతకు ముందు పెట్టెకూ కీబోర్డుకూ మధ్య ఒక వైరు ఉండేది. దాని మొన గుండ్రంగా ఉంటుంది, లోపల ఐదు సూదులుంటాయి. ఆ వైరులో పాట పోదు. నాడి ఒక్కటే పోతుంది. పెట్టె కొట్టే నాడి ఆ వైరు గుండా కీబోర్డుకు అందుతుంది, కీబోర్డు తన సొంత లెక్క మానుకుని దీని లెక్క వింటుంది. నేను పెట్టె మీద బటన్ ఒత్తితే రెండూ లేస్తాయి. వేగం పెంచితే రెండూ పెరుగుతాయి. ఆపితే రెండూ ఆగుతాయి.

దీనికి తగ్గ పద్ధతి ఒకటి మా పార్టీలో ఉంది. సామాను అంతా సర్దుకుని, పెట్టెలకు కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయ కోసి, కర్పూరం తిప్పాక, మొదటి చెయ్యి పెద్దవాడిది పడాలి. పెద్దవాణ్ణి నేనే. నేను కళ్ళకు అద్దుకుని పెట్టె మీద బటన్ ఒత్తితే కచేరీ మొదలు. ఒక చెయ్యి, రెండు యంత్రాలు. ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

ఈ మధ్య కీబోర్డు మనిషి ల్యాప్‌టాప్ తెచ్చాడు. వయొలిన్లు, వేణువు, కోరస్ అన్నీ ఇప్పుడు అందులోంచే. దానికి గుండ్రటి రంధ్రం లేదు. నా వైరు పట్టుకుని అటు తిప్పాను, ఇటు తిప్పాను. ఎక్కడా దూరే చోటు లేదు.

“బాబాయ్‌గారూ, దానికి మధ్యలో ఒక చిన్న పరికరం పెట్టాలండి, అది కొందాం. అప్పటిదాకా రెండిట్లోనూ ఒకే నెంబరు పెట్టేసి, ఇద్దరం ఒకేసారి ఒత్తేద్దాం. మీది పెద్ద చెయ్యి, మీరే లెక్క చెప్పండి” అన్నాడు.

నెంబరు అంటే నిమిషానికి ఎన్ని దెబ్బలో చెప్పే అంకె. రెండు తెరల మీదా ఒకే అంకె కనిపిస్తే రెండూ ఒకే వేగంతో నడుస్తాయనే గదా ఎవరైనా అనుకునేది. నేనూ అలాగే అనుకున్నాను. పైగా పద్ధతి పోలేదు. కర్పూరం తిప్పాక నేను లెక్క చెప్పి నా పెట్టె ఒత్తుతాను, అదే క్షణంలో ఆయన తనది ఒత్తుతాడు. పాట అయ్యాక రెండూ ఆపుతాం, మళ్ళీ కలిసి ఒత్తుతాం. చిన్న పాటలన్నీ చక్కగా జరిగిపోయాయి.

తాళం తప్పిన ఆ పెండ్లి కృష్ణగిరి రోడ్డులో, ఒక పెద్ద మంటపంలో. పెండ్లికూతురు వాళ్ళది డెంకణికోట పక్క పల్లె, తరాలుగా రాగులూ చిక్కుళ్ళూ పండించే ఇల్లు. ముహూర్తం పొద్దున్నే అయిపోయింది. మధ్యాహ్నం భోజనాల వేళకు మా కచేరీ. పెండ్లికొడుకు స్నేహితులు ఆడాలనుకున్నారు. మధ్యలో ఆపకుండా పాట మీద పాట అల్లుకుంటూ పొమ్మన్నారు. దాన్ని మెడ్లీ అంటారు. ఆపకుండా అంటే యంత్రాలు కూడా ఆగవు. ఒకసారి ఒత్తిన బటన్ ఒత్తినట్టే ఉంటుంది.

మొదట్లో ఏమీ లేదు. పిల్లలూ పెద్దలూ ఎగురుతున్నారు. కొంతసేపటికి ప్రతి దెబ్బా కొంచెం లావైనట్టు వినిపించింది. స్పీకర్లు తడిశాయేమో అనుకున్నాను. ఇంకొంత సేపటికి ఆ దెబ్బకు రెండు అంచులు వచ్చాయి, తలుపు రెక్కలు ఒకదాని వెనక ఒకటి మూసుకున్నట్టు. నా చెయ్యి మధ్యలో ఉంది. పెట్టె వైపు వింటే వయొలిన్లు ముందుకు పోతున్నాయి. వయొలిన్ల వైపు వింటే పెట్టె నా వెనక కాళ్ళీడుస్తోంది. నేను అటొకటి, ఇటొకటి కొట్టాను. ఏది సరైన తాళమో నాకు తెలియలేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పుడు కూడా అరచేతులు చల్లబడుతున్నాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఏది తాళమో నాకు తెలియకపోవడం అనేది జరగలేదు. ఆకలి తెలిసినట్టు తెలిసేది. ఆ రోజు తెలియలేదు.

ఆడేవాళ్ళ కాళ్ళు తడబడ్డాయి. నిలబడి మా వైపు చూశారు. వేదిక మీద కొట్టే చెయ్యి కనిపించేది నాదొక్కటే. యంత్రాలకు చేతులు లేవు గదా.

కీబోర్డు మనిషి లేచి పాడేవాడి చెవిలో ఏదో చెప్పాడు. ఇద్దరూ తిరిగి నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. కీబోర్డు మనిషి ల్యాప్‌టాప్ ఆపాడు, నేను పెట్టె ఆపాను. పాడేవాడు మైకు పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు.

“మా పెద్దాయన చేతికి పాయసం వాసన తగిలిందప్పా! అందుకే అట్ల ఉరుకుతాంది. వయసైన చెయ్యి గదా, ఒగోసారి తప్పుతాది. మన్నించండి. మా పెద్దాయనకు అందురూ ఒగసారి చప్పట్లు కొట్టండి!”

అదే మాట మళ్ళీ అరవంలో చెప్పాడు. అరవంలో ఇంకా బాగా నవ్వారు. ముందు వరసలో ఒక ముసలామె చేతులు జోడించి “ఈ వయసులో ఇంత చేస్తాండాడే, పాపం” అంది. ఆ పాపం అన్న మాట చప్పట్ల కంటే గట్టిగా వినిపించింది.

సామాను వ్యానులో ఎక్కిస్తుంటే పాడేవాడు నా పక్కకు వచ్చాడు.

“పెద్దాయనా, అంచెట్టి ప్రోగ్రాముకు నువ్వు రెస్టు తీసుకో. కొండ దారి. కుదుపులకు నడుము పట్టుకుంటాది.”

“నా నడుము నీకు చెప్పుకునిందా?”

“కోపం చేసుకోవద్దు నాయనా. పెట్టె మాత్రం ఇచ్చి పంపించు.”

“నేను పనికిరాను, నా పెట్టె పనికొస్తాదా? పెట్టె నాతోనే ఉంటాది.”

“సరేలే. ల్యాప్‌టాప్‌లోనే డ్రమ్సు ఉండాయంట” అని వ్యాను ఎక్కేశాడు.

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ కోపం కింద ఇంకొకటి కదులుతోంది, దానికి నేను పేరు పెట్టలేదు. ఇంటికి వచ్చి పెట్టెను బీరువా పక్కన పెట్టి, దాని మీద తువ్వాలు కప్పాను. కప్పాక మా అన్న గుర్తొచ్చాడు.

మా అన్న డెంకణికోట అవతల మా పల్లెలోనే ఉండిపోయి సేద్యం చేశాడు. పల్లెలో చెక్కభజన ఆయనే నడిపేవాడు. చేతిలో చెక్కలు పట్టుకుని గుండ్రంగా అడుగు వేస్తూ పాడే భజన అది. ఆయన చెక్క పడిన చోటే ఊరందరి అడుగూ పడేది. ముసలితనంలో ఒక శనివారం ఆయన చెక్క ఒక దెబ్బ ముందు పడింది. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. తరవాతి వారం మళ్ళీ పడింది. కొన్నాళ్ళకు చెక్కలు చేతిలో పెడితే ఎందుకిచ్చారని అడిగేవాడు. ఆ పైన సొంత చేను గట్టు మీద నిలబడి ఇది ఎవరి రాగి పైరు అని అడిగాడు. ఒక రోజు ఏనుగులు దిగే వైపు అడవి అంచుకు పోయి, రాయి మీద కూర్చుని ఉండగా పట్టుకొచ్చారు. నేను చూడబోతే నన్ను ఎంతో మర్యాదగా పలకరించాడు.

“రాప్పా, కూసో. యా ఊరప్పా మీది?”

ఆయన పోయాక మా వదిన నాతో ఒక మాట అంది. “ముందు తాళం పాయ. తరవాత మనుషులు పాయిరి.” ఆ మాటను నేను చాలా ఏండ్లు ఎక్కడో అడుగున పెట్టి ఉంచాను. మంటపంలో ఏది తాళమో తెలియని ఆ క్షణంలో అదే పైకి వచ్చింది.

ఆ రోజు నుంచి నేను నన్ను కాపలా కాయడం మొదలుపెట్టాను. పొద్దున లేస్తూనే మనవళ్ళ పేర్లు వరసగా అనుకునేవాణ్ణి. చెప్పులు ఎక్కడ విడిచానో రెండుసార్లు చూసి పెట్టుకునేవాణ్ణి. పశువుల ఫారం గోడ పక్కన నడుస్తూ నా అడుగుకు తాళం వేసుకునేవాణ్ణి. అడుగు సరిగ్గా పడితే, నేనే అడుగును తాళానికి వంచుతున్నానేమో అని అనుమానం. పడకపోతే వెనక్కి తిరిగి మొదటి నుంచి నడిచేవాణ్ణి. దారిలో ఎవరైనా “ఏమప్పా, ఆర్కెస్ట్రా లేదా ఈ వారం?” అంటే, ఈ మనిషికి సంగతి తెలిసిపోయిందనిపించేది. ఒకసారి కుక్కర్ కూతకు వేలితో లెక్క వేస్తూ ఉంటే మా ఇంటావిడ అనుమానంగా చూసింది. ఆమెకు నేనేమీ చెప్పలేదు. చెబితే అది నిజమైపోతుందని భయం.

నా మీద నాకే అసహ్యం వేసేది. అంతమందిలో నన్ను నవ్వులపాలు చేసినవాడి దుకాణానికి పోయి కాలరు పట్టుకోవాల్సిన మనిషిని, ఇంట్లో కూర్చుని మనవళ్ళ పేర్లు వల్లిస్తున్నాను. ఒకవేళ వాడు చెప్పింది నిజమైతే? అప్పుడు ఏ ముఖంతో కాలరు పట్టుకోను?

చివరికి డాక్టరుకు చూపించుకుందామనుకున్నాను. హోసూరులో అయితే ఎవరో ఒకరు చూస్తారు. మా ఇంటావిడతో వైరు కొనడానికి పోతున్నానని చెప్పి కృష్ణగిరి బస్సు ఎక్కాను. తలకు సంబంధించిన జబ్బులు చూసే డాక్టరు దగ్గర టోకెన్ తీసుకుని వసారాలో బెంచీ మీద కూర్చున్నాను. నా పక్కన ఒక ముసలి దంపతులు. ఆమె ఆయన గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని అడుగుతోంది.

“నేనెవురు, చెప్పు?”

ఆయన ఆమెను పట్టి పట్టి చూశాడు.

“నువ్వు మంచామెవి” అన్నాడు.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. అంతలో లోపలి నుంచి నర్సు నా టోకెన్ పిలిచింది. నేను లేవలేదు. మళ్ళీ పిలిచింది. నా చేతిలో చీటీ తడిసి ముద్దయింది. మూడోసారి పిలిచేటప్పటికి నేను మెట్లు దిగి రోడ్డు మీద ఉన్నాను.

బస్టాండులో కిటికీ పక్క సీటు దొరికింది. ముందు రెండు బస్సులు బయటికి మలుపు తీసుకోవడానికి కాచుకుని ఉన్నాయి. రెండింటి వెనక పసుపు దీపాలూ ఆరి వెలుగుతున్నాయి. కలిసి వెలిగాయి, కలిసి ఆరాయి. చూస్తూ ఉండగా ఒకటి కొంచెం వెనకబడింది. ఒకటి వెలిగితే ఒకటి ఆరుతోంది. మళ్ళీ మెల్లగా దగ్గరకు వచ్చి కలిసిపోయాయి. కళ్ళు కూడా పోతున్నాయి అనుకున్నాను. చెవులు అయిపోయాయి, ఇప్పుడు కళ్ళు. హోసూరు దాకా కళ్ళు మూసుకునే కూర్చున్నాను.

అలా రోజులు గడిచాయి. అంచెట్టి కచేరీ నేను లేకుండా అయిపోయింది. ఒక పొద్దున, ఇక దాగి లాభం లేదని, పెట్టె మీద తువ్వాలు తీశాను. మంటపంలో ఎలా తప్పానో అలాగే ఇంట్లో తప్పి చూడాలి. ఎంత తప్పుతున్నానో తెలిస్తే ఆ తరవాత సంగతి ఆలోచించవచ్చు. అటక మీద నుంచి పాత కీబోర్డు దించాను. దానిలోనూ దరువులుంటాయి. మంటపంలో లాగే రెండింటికీ ఒకే అంకె పెట్టాను, చెరొక చేత్తో రెండు బటన్లూ ఒకేసారి ఒత్తాను. మధ్యలో ప్యాడ్ పెట్టుకుని కూర్చున్నాను.

మొదట బాగానే ఉంది. తరవాత దెబ్బ లావైంది. తరవాత రెండు అంచులు వచ్చాయి. నా పుల్ల అటూ ఇటూ కొట్టుకుంది. మంటపంలో ఎలా ఉందో అచ్చం అలాగే. నోరు ఎండిపోయింది. పుల్లలు కింద పెట్టి, పెరట్లో కొళాయి దగ్గరకు పోయి తల కింద పెట్టాను. యంత్రాలు ఆపాలని కూడా తోచలేదు.

వంటింట్లోంచి మా ఇంటావిడ కేక వేసింది.

“ఇదో, ఆ కొట్టేది నిలుపు! తప్పు తప్పు కొడతాండావు. నాకు తల తిరిగి చారులో ఉప్పు రెండుసార్లు వేసేస్తి.”

ఆమెకు కూడా తెలిసిపోయిందన్నమాట.

“చెవుడా నీకు? నిలుపు అంటే ఇంకా కొడతాండావే!”

“నేను ఈడ ఉండాను” అన్నాను.

గరిట పట్టుకుని ఆమె పెరటి వాకిట్లోకి వచ్చింది. నా తల నుంచి నీళ్ళు కారుతున్నాయి. నా రెండు చేతులూ కొళాయి మీద ఉన్నాయి. ఆమె నన్ను చూసింది, ఇంట్లోకి తిరిగి చూసింది, మళ్ళీ నన్ను చూసింది.

“మరి ఆడ తప్పు కొట్టేదెవురు?”

ఇద్దరం ముందుగదిలోకి పోయాం. ప్యాడ్ మీద పుల్లలు అలాగే ఉన్నాయి. గదిలో ఎవరూ లేరు. పెట్టె ఒకటి కొడుతోంది, దానికి కొంచెం ముందు కీబోర్డు ఒకటి కొడుతోంది. మనిషి చెయ్యి ఎక్కడా లేదు. అయినా తప్పుతోంది. రెండు తెరల మీదా అదే అంకె, ఏమీ ఎరగనట్టు.

మంచం మీద కూర్చున్నాను. బస్టాండులో దీపాలు కళ్ళ ముందు ఆడాయి. ఏ యంత్రం లెక్క దానిది. అంకె ఒకటే అయినా లోపల లెక్కపెట్టే చిన్న స్ఫటికపు రాయి ఒకదానికి ఒకటి రవ్వంత తేడాగా ఉంటుంది. చిన్న పాటలో ఆ రవ్వ బయటపడదు. ఆపకుండా నడిపితే రవ్వ మీద రవ్వ చేరి గండి పడుతుంది. రేడియోలు విప్పిన మనిషిని, నాకు ఇది తట్టి ఉండాలి. భయం ఆలోచించనివ్వలేదు.

మా ఇంటావిడ నా పక్కన కూర్చుంది.

“మా బావకు, మీ అన్నకు వచ్చింది నీకూ వచ్చిందని అనుకుంటాండావా?”

నేను తువ్వాలు తీసుకుని తల తుడుచుకున్నాను.

“కిష్టగిరికి వైరు కొనను పోయి ఉత్త చేతులతో వస్తివే, అప్పుడే అనుకొంటి. బుద్ధి పోయినోడికి చారులో ఉప్పు తెలుస్తాదా? మొన్న ఉప్పెక్కువని ముమ్మారు చెప్తివి.”

“ముమ్మారు చెప్పినానా?” అన్నాను, తుడుచుకోవడం ఆపి.

“మొదుటి రెండుసార్లు నేను పలకల్యా, అందుకు చెప్తివి. లే, ఆ వైరు ఉండాది గదా నీ దగ్గర, అది పెట్టి చూడు.”

బీరువాలోంచి గుండ్రటి మొనల వైరు తీసి పెట్టెకూ పాత కీబోర్డుకూ తగిలించాను. సొంత లెక్క మానుకుని బయటి నాడి వినమని కీబోర్డుకు చెప్పాను. అలా చెప్పే చోటు దానిలో లోపలెక్కడో ఉంటుంది. ఈసారి పెట్టె ఒక్కటే ఒత్తాను. కీబోర్డు తనంతట తాను లేచింది. ఆమె పోయి అన్నం వార్చి, కూర దించి, గిన్నెలు సర్దుకుని వచ్చింది. రెండూ ఒకే దెబ్బగా నడుస్తూనే ఉన్నాయి.

“ఇప్పుడు ఒగరు చెప్తే ఒగరు వింటాండారు” అంది.

ఆమె ముందు నవ్వాను గానీ, భయం పూర్తిగా పోలేదు. యంత్రాలు తప్పాయి, సరే. అంతమాత్రాన నా చెయ్యి తప్పలేదని తేలిందా? రెండూ విడిపోతున్నప్పుడు ఏది నిజమో పట్టుకోవలసిన చెవి నాది. మంటపంలో నేను అటొకటి ఇటొకటి కొట్టాను గదా. మా అన్నకు మొదటి శనివారం ఇలాగే ఉండేదేమో, ఆయనకు కూడా తప్పు బయట ఎక్కడో ఉందనే అనిపించేదేమో. ఇది తేల్చగలిగినవాడు ఒక్కడే. ఆ రోజు నా పక్కన నిలబడి పాడినవాడు. తాళం తెలిసినవాడు. వాడు ఏమి విన్నాడో వాడే చెప్పాలి.

ఫోన్ చేశాను, తీయలేదు. మళ్ళీ చేశాను. పెండ్లిళ్ళ కాలం, తీరిక లేదు, తరవాత మాట్లాడతానని వేరే ఎవరితోనో చెప్పించాడు. నేను కూర్చునే మనిషినా? చొక్కా వేసుకుని దుకాణానికే పోయాను.

దుకాణంలో వాడు స్టూలు మీద కూర్చుని రోజా దండ కడుతున్నాడు. నన్ను చూసి లేచాడు.

“రా పెద్దాయనా, రా. టీ చెప్తా.”

“టీ వద్దు. ఒగ మాట అడగను వచ్చినాను.”

“అడుగు. కూర్చోని అడుగు. నిలబడి అడిగితే పోలీసోళ్ళ మాదిరి ఉండాది.”

కూర్చున్నాను. ఇంట్లో జరిగినది చెప్పాను. రెండు యంత్రాలకూ ఒకే అంకె పెట్టినా విడిపోయాయని, నేను కొళాయి దగ్గర ఉండగానే తప్పాయని, వైరు పెడితే కలిసి నడిచాయని చెప్పాను. చెబుతూ వాడి ముఖమే చూస్తున్నాను. వాడు దారం పళ్ళతో తెంపాడు. ఇంకో పువ్వు తీసుకున్నాడు. తెలియని మనిషికి ఇలాంటి సంగతి చెబితే, అదెట్లా అని అడుగుతాడు. వాడు అడగలేదు.

“అవునా” అన్నాడు అంతే.

“నీకు ముందే తెలుసునా?”

“ఏంది?”

“మిషన్లు విడిపోయినాయని.”

అంతలో ఎవరో వచ్చి కారుకు కట్టడానికి దండ అడిగారు. వాడు చాలా సంతోషంగా లేచి, ఉన్న దండలన్నీ చూపించి, రంగుల గురించి మాట్లాడి, పొట్లం కట్టి, వాళ్ళు పోయాక కూడా రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాడు. నేను కదలలేదు. చివరికి వచ్చి కూర్చున్నాడు.

“ఆ పొద్దు కీబోర్డాయన నీ చెవిలో ఏమి చెప్పె?” అన్నాను.

“అదిప్పుడెందుకు పెద్దాయనా. అయిపోయిన పెండ్లి. ఆ పరికరం కొనేసినాం గూడా. ఇంక నీ పెట్టె, ఆయన ల్యాప్‌టాప్ కలిసే పోతాయి. వచ్చే ప్రోగ్రాముకు నువ్వే వచ్చి మొదుటి చెయ్యి పెట్టు.”

“ఆ మాట కాదు నేను అడిగింది.”

నేను ముందుకు వంగాను. అది కోపమని వాడు అనుకున్నాడు. వాడి చేతిలో పువ్వు ఆగింది.

“ఒగటే చెప్పు. నువ్వు నా పక్కన నిలబడి పాడినావు. నీకు తాళం తెలుసు. ఆ పొద్దు నా చెయ్యి తప్పిందా, లేదా? తప్పింటే తప్పింది అని చెప్పు. నేను తట్టుకుంటాను. ఇంటికి పోయి పెట్టె మీద తువ్వాలు కప్పుకుంటాను. నిజం చెప్పప్పా.”

వాడు నా వైపు ఆశ్చర్యంగా చూశాడు. ఇంత చిన్న విషయానికి ఇంత పెద్ద మనిషి ఇలా అయిపోయాడేమిటన్నట్టు చూశాడు. మా అన్న సంగతి వాడికి తెలియదు. కృష్ణగిరి వసారా తెలియదు. పువ్వు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, నన్ను ఓదార్చే గొంతుతో ఇలా అన్నాడు:

“అయ్యో, నీ చెయ్యి యాడ తప్పింది పెద్దాయనా? మిషన్లే తప్పినాయి. కీబోర్డాయన నా చెవిలో చెప్పింది అదే. బాబాయ్‌గారిది కాదు, మిషన్లే విడిపోయినాయి, ఆపండి అనె. పాపం, నువ్వు రెండింటినీ కలపాలని కొట్లాడతా ఉంటివి, నేను చూస్తానే ఉంటిని. అయితే మైకులో ఆ మాట చెప్తే, వీళ్ళ సామాను సరిగా లేదంటారు, ఇంకో పెండ్లికి పిలవరు. పెద్దాయన చెయ్యి తప్పింది అంటే నవ్వి చప్పట్లు కొడతారు. కొట్టినారు గదా, నువ్వే చూసినావు. వయసైన మనిషివి, ఆ ఒగ మాటకు నీకు పోయేదేముందిలే అనుకొంటిని.”